కాలిన తీగను చదివే షాపు, కోసి పారేసే షాపు

బోరు మోటారు ఏ కారణంగా ఆగినా రైతు నోట వచ్చే మాట ఒకటే: "మోటారు కాలిపోయింది." బరువు మోసే త్రస్ట్ బేరింగు అరిగినా కాలినట్టే, షాఫ్టు పట్టేసినా కాలినట్టే, కేబుల్ జాయింటులో నీళ్ళు దిగినా కాలినట్టే. చైన్ పుల్లీ కట్టి పైపులు లాగించి, పంపు నుంచి మోటారు విప్పి, ఆటోలో వేసుకొచ్చి, మోటారు లోపలి రాగి తీగ కొత్తగా చుట్టే వైండింగ్ షాపు ముందు దించుతారు. అక్కడ దొరికే సర్వీసు మీదే ఈ సమీక్ష. ఫలానా షాపు అని కాదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఏ మండల కేంద్రానికి వెళ్ళినా బస్టాండు పక్కనో మార్కెట్ యార్డు ఎదురుగానో కనిపించే ఆ చిన్న షాపుల పనిని మొదటి నుంచి చివరిదాకా చూసి, ఎక్కడ డబ్బుకు తగ్గ పని జరుగుతుందో ఎక్కడ జరగదో చెప్పడమే ఉద్దేశం. ఉదాహరణగా తీసుకున్నది పొలాల్లో ఎక్కువగా కనిపించే రకం: ఆరంగుళాల బోరులో దించే, లోపల నీళ్ళు నింపే, మూడు ఫేజుల మోటారు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. తీగ చుట్టడంలో మన వైండర్ల చేతికి వంక పెట్టడానికి లేదు. ఎందుకు కాలిందో చెప్పడంలో మాత్రం చాలా షాపులకు పాసు మార్కులు కూడా రావు. కారణం పట్టుకోకుండా ఎంత చక్కగా చుట్టినా ఆ మోటారు అదే సీజన్లో మళ్ళీ అదే గడప ఎక్కుతుంది.

విప్పకముందు

మోటారు దించగానే ఉలీ కటింగ్ ప్లయరూ అందుకునే షాపు ఒకటి, ముందు నాలుగు ప్రశ్నలు అడిగే షాపు ఒకటి. తెలిసిన మెకానిక్ అడిగేవి ఇలా ఉంటాయి. "అన్నా, ఫ్యూజు ఒకటే కొట్టిందా, మూడూ కొట్టినాయా?" "నీళ్ళు తగ్గుకుంటా వచ్చి ఆగిందా, ఉన్నట్టుండి ఆగిందా?" "ఇసుక పడుతుండెనా?" "అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఈ వారం ఇంకెవరి మోటారన్నా పోయిందా?" "డబ్బాలో రిలే ఉందా, పీకేసినారా?" (రిలే అంటే కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది.) ఇది టీ వచ్చేదాకా కాలక్షేపం కాదు. ఒక్క ఫ్యూజే పోయి ఉంటే మోటారు ఒక ఫేజు లేకుండా కాసేపు నడిచి ఉండొచ్చు. నీళ్ళు మెల్లగా తగ్గాయంటే షాఫ్టును పట్టి ఉంచే బుష్షులూ నీళ్ళు తోసే ఇంపెల్లర్లూ అరిగి ఉండాలి, లేదా బోరులో మట్టం పడిపోయి ఉండాలి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద వారంలో మూడు మోటార్లు పోతే తప్పు మోటార్లలో వెతకడం దండగ, కరెంటు లైను చూడాలి.

ఆ తరవాత కొలతలు. 500 వోల్టుల మెగ్గరు ఒక కొస మోటారు బాడీకి, రెండో కొస వైండింగ్ తీగకు పెట్టి తిప్పితే ఇన్సులేషన్ ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఒక మెగోమ్ కన్నా తక్కువైతే దాన్ని బోరులోకి దించకూడదు. సున్నాకు పడిపోతే ఎక్కడో తీగ బాడీకి తగిలింది. కానీ ఈ సున్నా దగ్గరే రైతు డబ్బు అన్నిటికన్నా అన్యాయంగా పోతుంది. మోటారు నుంచి వచ్చే చిన్న కేబులుకూ పైనుంచి దిగే పెద్ద కేబులుకూ వేసిన జాయింటు ఏళ్ళ తరబడి నీళ్ళలోనే ఉంటుంది. దాంట్లోకి చెమ్మ దిగితే మెగ్గరు సున్నా చూపిస్తుంది, ఫ్యూజులు ఎగురుతాయి, అన్నీ కాలిన మోటారు లక్షణాలే. జాయింటుకు కింద కోసేసి, కొసలు గుడ్డతో తుడిచి ఆరబెట్టి, మోటారును విడిగా కొలిస్తే సంగతి బయటపడుతుంది. పాత జాయింటు ముక్కను కూడా మోటారుతో పాటు తెమ్మని చెప్పే షాపు మంచి షాపు. ఆ ముక్క మీద టేపు విప్పితే రాగి పచ్చగా చిలుము పట్టి ఉంటే, వైండింగ్ జోలికి పోకుండా కొత్త జాయింటుతో పంపేయాల్సిన కేసు అది. ఆ మాట చెప్తే షాపుకు ఆ రోజు సంపాదన పోతుంది. అందుకే అందరూ చెప్పరు.

మూడు కొసల మధ్య జతజతగా నిరోధం కూడా చూస్తారు. మూడూ సమానంగా ఉండాలి. చవక మల్టీమీటరు ఒకటి రెండు ఓముల దగ్గర నమ్మదగ్గది కాదు, దాని తీగల నిరోధమే లెక్కలో కలిసిపోతుంది. కాబట్టి "మీటర్లో మూడూ ఒకటే చూపించినాయి" అన్నంత మాత్రాన వైండింగ్ బాగుందని కాదు. ఇక చేత్తో షాఫ్టు తిప్పి చూడడం. కొంచెం బరువుగా, కానీ ఎక్కడా పట్టకుండా తిరగాలి. అసలు కదలకపోతే విప్పేదాకా వైండింగ్ గురించి ఏమీ మాట్లాడకూడదు.

కాలిన గుర్తులు

తీగ చుట్టి ఉండే కదలని ఇనుప భాగాన్ని, అంటే స్టేటర్‌ను, బయటికి తీశాక తీగ తెంపకముందు ఒక్క అయిదు నిమిషాలు దాన్ని వెలుతురులో పెట్టి చూడాలి. ఈ అయిదు నిమిషాలే మొత్తం సర్వీసులో ఖరీదైనవి. బిల్లులో మాత్రం వాటికి గీత కూడా ఉండదు. తీగ కోసి కుప్ప వేశాక ఆ సాక్ష్యం మళ్ళీ దొరకదు.

ఈ మోటార్లు రెండు పోళ్ళవి, నిమిషానికి 2,900 చుట్ల దగ్గర తిరుగుతాయి. మూడు ఫేజులకు రెండేసి చొప్పున గుండ్రంగా ఆరు కాయిల్ గుంపులు ఉంటాయి. కాలిన తీరు ఈ ఆరింటిలో చదవాలి.

ఆరూ ఒకేలా నల్లబడి, పూత కరిగి ముద్దయిందంటే మూడు ఫేజుల్లోనూ ఎక్కువ కరెంటు చాలాసేపు పారింది. లో ఓల్టేజి, పట్టేసిన పంపు, నీళ్ళు లేని బోరు, బురదలో కూరుకుపోయిన మోటారు, వీటిలో ఏదో ఒకటి. 415 వోల్టులు రావాల్సిన చోట 350 వస్తుంటే, అదే లోడుకు కరెంటు అయిదోవంతు దాకా పెరుగుతుంది, తీగలో పుట్టే వేడి దాదాపు 40 శాతం పెరుగుతుంది. నీళ్ళ మోటారులో వాడే తీగ మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది. నీటికి ఓర్చుకుంటుంది గానీ ఎనామిల్ తీగంత వేడి ఓర్చుకోదు.

రెండు ఎదురెదురు గుంపులు తెల్లగా కొత్తవాటిలా ఉండి మిగతా నాలుగూ మాడిపోతే, ఆ మోటారు మూడు ఫేజుల కొసలూ ఒకచోట కలిపే స్టార్ కనెక్షన్‌ది అయితే, ఒక ఫేజు పోయిన సంగతి రాసిపెట్టినట్టే. పోయిన ఫేజు చల్లగా ఉండిపోయింది, మిగిలిన రెండూ దాని భారం కూడా మోసి కాలాయి. ఫేజులను ఒకదాని కొసకు ఒకటి గొలుసులా కలిపే డెల్టా కనెక్షన్ అయితే ఇది తిరగబడుతుంది. ఒక ఫేజుకు చెందిన రెండు ఎదురెదురు గుంపులే మాడి, నాలుగు బాగుంటాయి. ఈ తేడా తెలియక, డెల్టా మోటారులో రెండు గుంపులు మాత్రమే కాలితే "మీ పాత వైండరు ఆ ఫేజులో తీగ సరిగా వేయలేదు" అని పక్క షాపు మీదికి నెట్టేవాళ్ళు ఉన్నారు. తప్పు వైండరుది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వదులైన లింకుదో, స్టార్టర్లో మాడిన కాంటాక్టుదో, స్తంభం మీద తీగలు కలిపే జంపరుదో.

ఒక్క కాయిల్లో ఒక్క చోట రాగి కరిగి గుండు కట్టి, చుట్టూ మిగతాదంతా శుభ్రంగా ఉంటే అది చుట్టుకూ చుట్టుకూ మధ్య షార్టు. తీగ వేసేటప్పుడు గీరుకుని ఉంటుంది. తీగ దూరే గాడి మూతి దగ్గర ఇనుములో చిన్న గుంట పడి ఉంటే తీగ బాడీకి తగిలింది. గాడి అంచు ఆకురాయితో నున్నగా చేయకుండా చుట్టిన పాపం అది. ఈ రెండూ నిజంగా వైండరు ఖాతాలోవి. ఫేజు కేబులు లోపలికి వచ్చే చోట మొదటి కాయిల్ మొదటి చుట్లు మాత్రమే పోయి ఉంటే పిడుగు లాంటి ఓల్టేజి దెబ్బ అనుమానించాలి.

వైండింగ్ అంతా శుభ్రంగా ఉండి, లోపల తిరిగే రోటర్ మీద ఒక పక్క మెరుపు గీతలు కనిపిస్తే బుష్షు అరిగి రోటర్ స్టేటర్‌ను రాసుకుంటోంది. మోటారులోంచి పోసిన నీళ్ళు కూడా చూడాలి. నల్లగా, కార్బన్ పొడితో వస్తే త్రస్ట్ పోయింది. సన్నటి ఇసుక కలిసి వస్తే సీలూ ఇసుకను ఆపే శాండ్ గార్డూ పోయి చాలా రోజులైంది.

ఇదంతా చూసి "ఫేజు పోయి కాలింది, స్టార్టర్ చూపించుకో, లేకపోతే మళ్ళీ వస్తావు" అని చెప్పగలిగే షాపులు మా అంచనాలో తక్కువే. చెప్పేవాళ్ళు దొరికితే కూలి కొంచెం ఎక్కువైనా అక్కడికే పోవాలి.

లెక్కలు తీయడం

పాత వైండింగ్ తీసేటప్పుడు రాసుకోవాల్సినవి: గాళ్ళ సంఖ్య, ఒక్కో గాడిలో చుట్లు, కాయిల్ ఏ గాడి నుంచి ఏ గాడికి దూకింది, కలిపి వేసిన తీగలు ఎన్ని, స్టారా డెల్టానా, గాడి బయట కాయిల్ ఎంత పొడవు ఉంది, రాగి మందం ఎంత. నీళ్ళ మోటారుకు వార్నిష్ ఉండదు కాబట్టి తీగను చల్లగానే లాగేయొచ్చు. బోరు బయట పెట్టే మోనోబ్లాక్‌లకు చేసినట్టు కిరోసిన్ పోసి తగలబెట్టే అవసరం లేదు. తగలబెడితే స్టేటర్ రేకుల మధ్య ఉండే పలుచని ఇన్సులేషన్ పోయి, ఆ రేకులే వేడి పుట్టిస్తాయి. నీళ్ళ స్టేటర్‌ను మంటలో పెట్టడం చూస్తే ఆ షాపు నుంచి మోటారు వెనక్కి తీసుకోవడమే మంచిది.

రాగి మందం పూత తీసేసి, మైక్రోమీటరుతో, కాలని చోట కొలవాలి. పూతతో కలిపి కొలిస్తే మందం తప్పొస్తుంది. పూత తక్కువ మందమేమీ కాదు. ఇక్కడ జరిగే మోసం చాలా సన్ననిది, తీగంత సన్ననిది. 1.2 మి.మీ. రాగి బదులు 1.1 మి.మీ. వేశారనుకోండి. కంటికి తేడా తెలియదు. కానీ రాగి అడ్డుకోత వైశాల్యం 16 శాతం తగ్గుతుంది, నిరోధం 19 శాతం పెరుగుతుంది, అదే కరెంటుకు వేడి కూడా అంతే పెరుగుతుంది. మోటారు నడుస్తుంది, నీళ్ళు పోస్తుంది, ఎండాకాలంలో ఓల్టేజి పడినప్పుడు పోతుంది. అన్నిసార్లూ మోసం అనుకోనక్కర్లేదు. కావలసిన సైజు రీలు అయిపోయి, రైతు రేపే కావాలని పట్టుబడితే కూడా ఇదే జరుగుతుంది.

చుట్లు తగ్గించడం ఇంకో రకం. గాడి ఇరుకు, చివరి రెండు చుట్లు దూరవు, వదిలేస్తారు. చుట్లు తగ్గితే ఇనుములో అయస్కాంత బలం పెరిగి, ఇనుము నిండిపోయి, ఖాళీగా తిరిగినా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. చుట్లు ఎక్కువైతే పరవాలేదనుకుంటారు కొందరు. అదీ తప్పే. 5 శాతం చుట్లు పెరిగితే తిప్పే బలం దాదాపు 10 శాతం తగ్గుతుంది. లో ఓల్టేజిలో మోటారు లేవకుండా మూలుగుతూ నిలబడిపోతుంది.

ఈ లెక్కలు నోటుపుస్తకంలో రాసి పెట్టుకునే షాపుల్లో కంపెనీ పేరు, హెచ్‌పీ, స్టేజీల ప్రకారం ఏళ్ళనాటి లెక్కలు దొరుకుతాయి. మధ్యలో ఎవరో తప్పు చుట్టిన మోటారు వస్తే అసలు కంపెనీ లెక్క ఏదో ఆ పుస్తకమే చెప్తుంది. పుస్తకం లేని షాపు ముందు వైండరు చేసిన తప్పును నమ్మకంగా నకలు దించుతుంది.

చేతి పని

మార్కులు ఇక్కడ బాగా పడతాయి. ఈ స్టేటర్లలో గాడి మూతి సన్నగా ఉంటుంది, కాయిల్ విడిగా చుట్టి లోపలికి తోయడానికి కుదరదు. తీగను ఒక్కో గాడిలోంచి ఈ పక్క నుంచి ఆ పక్కకు, మళ్ళీ వెనక్కి, పూలు గుచ్చినట్టు లాగాలి. ఇద్దరు అటూ ఇటూ కూర్చుని చేస్తారు. ఎక్కడా మలుపు పడకూడదు, ముడి పడకూడదు, గాడి అంచుకు రాసుకోకూడదు. లాగుడు బిగుతైతే పూత సాగి పలచబడుతుంది, వదులైతే కాయిల్ బయట ఉబ్బి రోటర్‌కు తగులుతుంది. లోపల తీగ నిండాక వెదురు పుల్లలు బిగించి, బయటి భాగాన్ని దారంతో కట్టేస్తారు. ఈ చేతి ఒడుపు నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఐటీఐ చదవని కుర్రాళ్ళు కూడా దీన్ని అద్భుతంగా చేస్తారు.

చెడేది లోపలి జాయింట్ల దగ్గర. పాత ముక్కలు మిగిలాయని వాటిని కలిపి ఒకే కాయిల్లో రెండు మూడు అతుకులు వేస్తే అవే రేపటి లీకులు. ఒక్కో అతుకుకు రాగిని గీకి, మెలేసి, టంకం పెట్టి, దాని మీద సాగదీసి చుట్టే రబ్బరు టేపు, ఆ పైన నీటికి ఆగే టేపు, రెండు పక్కలా పాత పూత మీదికి అంగుళం పైగా ఎక్కేట్టు వేయాలి. రబ్బరు టేపు సాగదీయకుండా ఊరికే చుడితే పొరలు ఒకదానికొకటి అతుక్కోవు. మామూలు కరెంటు టేపు ఒక్కటే చుట్టిన జాయింటు కనిపిస్తే ఊరుకోవద్దు.

చుట్టిన స్టేటర్‌ను రాత్రంతా నీళ్ళ తొట్టిలో నానబెట్టి తెల్లారి మెగ్గరు పెట్టాలి. పొడిగా ఉన్నప్పుడు ఏ వైండింగైనా మంచి అంకే చూపిస్తుంది, ఆ అంకెకు విలువ లేదు. నానాక కూడా పదుల మెగోముల్లో నిలబడాలి. సాయంత్రం 100 ఉండి తెల్లారికి 5కు జారితే ఎక్కడో సూది బెజ్జం ఉంది. "అర్జెంటు, సాయంత్రానికి ఇచ్చేయ్" అనే రైతు ఈ పరీక్షను తన నోటితోనే కోసేస్తున్నాడు.

బుష్షులు, త్రస్ట్, నీళ్ళు

సగం షాపులకు సగం మార్కులే వేయాల్సిన చోటు. వైండింగే తమ పననుకుంటారు, మెకానికల్ భాగం విప్పినట్టే మళ్ళీ బిగించేస్తారు. పంపు కిందికి నొక్కే బరువంతా మోటారు అడుగున ఉన్న త్రస్ట్ బేరింగు మీదే పడుతుంది. కార్బన్ పలక, దానికి ఆనుకునే స్టీలు పలకలు రెండూ అద్దంలా చదునుగా ఉండాలి. గోరు పెట్టి గీస్తే గీత తగలకూడదు. అరిగిన స్టీలు మీద కొత్త కార్బన్ వేస్తే కొత్తది కూడా త్వరగా పొడి అవుతుంది, మార్చితే రెండూ మార్చాలి. బుష్షులో షాఫ్టు పక్కకు ఊగుతుంటే కొత్త బుష్షు, షాఫ్టు స్లీవు గీతలు పడి ఉంటే అదీ మార్చాలి. సీలు, శాండ్ గార్డ్ ధర చూస్తే మొత్తం బిల్లులో పిసరంత. వాటిని పాతవే వేయడం పిసినారితనం కూడా కాదు, బద్ధకం.

మూత బిగించాక నీళ్ళు నింపడం. ఇసుక లేని శుభ్రమైన నీళ్ళు, నెమ్మదిగా, మోటారును నిలబెట్టి, మధ్యమధ్య ఊపుతూ, బుడగలు ఆగేదాకా. ఒకసారి నింపి ఓ పావుగంట ఆగి మట్టం మళ్ళీ చూస్తే ఎప్పుడూ కొంచెం దిగే ఉంటుంది, మళ్ళీ నింపాలి. బుష్షులకూ త్రస్ట్‌కూ ఆ నీళ్ళే నూనె. నింపడం మరిచిపోయి ట్రయల్ తిప్పితే నిమిషాల్లో త్రస్ట్ పోతుంది, దానికి రైతు డబ్బులు కడతాడు. పొలంలో బోరులో దించే ముందు కూడా ప్లగ్గు విప్పి మట్టం చూసుకోవాలి, ఆటోలో పడుకోబెట్టి తెచ్చినప్పుడు కారి ఉండొచ్చు.

ట్రయల్

తొట్టిలో ముంచి, టాంగ్ టెస్టరు పెట్టి మూడు ఫేజుల ఆంపియర్లు చూస్తారు. మూడూ దగ్గరదగ్గరగా ఉంటే బాగుంది. ఒకటి బాగా తేడాగా ఉంటే షాపువాళ్ళు చెప్పేది ఒకటే: "లైను బాగాలేదు." నిజమో కాదో తేల్చే పద్ధతి చాలా తేలిక. మూడు కొసలనూ ఒక్కో స్థానం జరిపి మళ్ళీ కలపాలి, మూడూ ఒకే దిక్కుగా జరపాలి, అప్పుడు తిరిగే దిశ మారదు. ఎక్కువ ఆంపియర్లు అదే లైను తీగలోనే మళ్ళీ కనిపిస్తే తప్పు లైనుది. మోటారు కొసతో పాటు జరిగితే తప్పు వైండింగుది. రెండు నిమిషాల పని. ఇది చేసి చూపించమని అడగండి. మొహం ఎలా మారుతుందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

దించాక, నీళ్ళు పోస్తున్నప్పుడు ఇంకోసారి చూడాలి. 5 హెచ్‌పీ మోటారు పూర్తి లోడులో 9, 10 ఆంపియర్ల దగ్గర ఉంటుంది, అసలు అంకె నేమ్‌ప్లేటు మీద ఉంటుంది. నీళ్ళు తక్కువగా వస్తూ ఆంపియర్లు కూడా తక్కువగా ఉంటే ముందు తిరిగే దిశ చూడాలి. ఏ రెండు ఫేజులనైనా మారిస్తే సరి. రివర్సులో కూడా పంపు కొన్ని నీళ్ళు పోస్తుంది, అందుకే చాలామంది కనిపెట్టరు.

స్టార్టర్ డబ్బా ఎవరిది?

షాపు బాధ్యత గడప దగ్గరే ఆగిపోతుంది, కాలడానికి కారణం ఎక్కువసార్లు గడప అవతలే ఉంటుంది. డబ్బాలో ఓవర్‌లోడ్ రిలేను నేమ్‌ప్లేటు ఆంపియర్లకు పెట్టాలి. స్టార్ డెల్టా స్టార్టర్లో, రిలే ఫేజు తీగల్లో ఉంటే, దాన్ని ఆ నేమ్‌ప్లేటు ఆంపియర్లలో 58 శాతానికి పెట్టాలి. ఇది తెలియక పూర్తి అంకెకు తిప్పితే రిలే ఉన్నా లేనట్టే. రిలే మాటిమాటికీ కొడుతోందని తీసేసి నేరుగా కలపడం, ఫ్యూజు కట్టులో లావు రాగి తీగ పెట్టడం మామూలే. ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు ధర ఒక్క వైండింగ్ ఖర్చుతో పోలిస్తే ఎంతో చిన్నది. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటరు పెట్టుకుంటే లైనులో కరెంటు తగ్గి, ఓల్టేజి కాస్త నిలబడుతుంది.

ఆటో స్టార్టర్ల సంగతి వేరే. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని రోజుల్లో అర్ధరాత్రి లేచి పొలానికి పోలేక రైతు పెట్టుకున్నవి అవి. కరెంటు రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ఓల్టేజి కుంగుతుంది, ఏదీ సరిగా లేవదు, అన్నీ వేడెక్కుతాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టే ముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పింది ఇందుకే.

2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక ఇంకో సంగతి కనపడకుండా పోయింది. సన్న తీగ వేసిన మోటారు యూనిట్లు ఎక్కువ తింటుంది. బిల్లు కట్టేవాడైతే రెండో నెలలోనే షాపు ముందు నిలబడేవాడు. పొలంలో బిల్లు లేదు కాబట్టి నాసి వైండింగ్‌ను పట్టించే సాక్షి కూడా లేదు. ఆ భారం కాలిన ట్రాన్స్‌ఫార్మర్ రూపంలో ఊరి మీద పడుతుంది.

ఇళ్ళలో, అపార్టుమెంట్లలో వాడే నాలుగంగుళాల సింగిల్ ఫేజు మోటార్ల గురించి ఒక్క ముక్క. మోటారు మూలుగుతూ లేవకపోతే పైకి లాగించకముందు ప్యానెల్ డబ్బాలో కెపాసిటర్లు మార్చి చూడండి. చాలాసార్లు అంతకు మించి ఏమీ ఉండదు. అవి ఎక్కువగా ఆయిల్ నింపే రకం, అందులో నీళ్ళు పోసి ఇచ్చే మహానుభావులూ ఉన్నారు.

బిల్లు, తూకం

కూలి హెచ్‌పీ లెక్కన, తీగ కిలో లెక్కన వేస్తారు. పాత రాగి ఎవరిదన్నది ముందే మాట్లాడుకోవాలి. మామూలుగా షాపువాళ్ళే ఉంచేసుకుంటారు, దాని విలువ కూలిలో తగ్గించాలి. పాత తీగ, కొత్త తీగ రెండూ మీ ముందే తూయించండి. పూత బరువు రెండింటిలోనూ ఉంటుంది, పాతదాంట్లో కాలి కొంత పోయి ఉంటుంది. కొత్తది పాతదానికన్నా బాగా తక్కువ తూగితే రాగి ఎక్కడో తగ్గింది. బిల్లు మీద నాలుగు అంకెలు రాయించుకోవాలి: తీగ మి.మీ., తీగ బరువు, నానాక మెగ్గరు రీడింగు, ట్రయల్లో మూడు ఫేజుల ఆంపియర్లు. గ్యారంటీ ఆరు నెలలని నోటితో చెప్పి, కాలి వస్తే "లో ఓల్టేజి" అనడం ఈ రంగంలో పాత అలవాటు. ఆ నాలుగు అంకెలూ ఉంటే వాదించడానికి ఆధారం ఉంటుంది. రంగు కొట్టి మెరిపించి ఇచ్చారా లేదా అన్నది చూడొద్దు, రంగుకు మేం మార్కులు వేయలేదు.

ఎప్పుడు రీవైండింగ్ వద్దు? స్టేటర్ ఇనుములో గుంటలు పడితే, రోటర్ కడ్డీలు తెగితే, షాఫ్టు వంగితే, ఇప్పటికే రెండు మూడుసార్లు చుట్టించి ఉంటే, లేదా మొత్తం ఖర్చు కొత్త మోటారు ధరలో సగం దాటితే. కొత్తది కొనేటప్పుడు మోటారుకు ఐఎస్ 9283, పంపుసెట్టుకు ఐఎస్ 8034 నంబరుతో ఐఎస్‌ఐ గుర్తు చూసుకోవాలి. "పోనీలే అన్నా, దీన్ని వదిలెయ్, ఇంక దీంట్లో సత్తువ లేదు" అని తన పని తానే పోగొట్టుకునే వైండరు మాటకు షోరూము సేల్స్‌మన్ మాట కన్నా విలువ ఎక్కువ.

మొత్తం మీద మార్కులు: తీగ చుట్టే చేతికి 5కు 4.5. మెకానికల్ పనికి 2.5. పరీక్షలకు 2, అదీ అర్జెంటు అనని రైతుకే. కారణం చెప్పడానికి 1.5. షాపు ఎంచుకోవాలంటే లోపలికి వెళ్ళి గోడ చూడండి. కొన్ని షాపుల్లో కాలిన కాయిల్ ముక్కలు మేకులకు వేలాడుతుంటాయి, ఒక్కోదానికి అట్ట ముక్క కట్టి తారీఖు, ఊరు, "ఆర్ ఫేజు లేదు" అనో "జాయింటు" అనో పెన్సిలుతో రాసి ఉంటుంది. మోటారు అక్కడ దించండి.